రూపాయి అంచు మీది గాడి

నాణానికి బొమ్మ, బొరుసు అని రెండు ముఖాలంటాం. బ్యాంకులో చేరి మూడు దశాబ్దాలు దాటింది. అందులో చాలాకాలం నేనూ అంతే అనుకున్నాను. మూడో ముఖం ఒకటుందని, అది అంచని, ఆ అంచుకో చరిత్ర ఉందని నాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు. 2009లో మా మేనత్త అడిగిన ఒక ప్రశ్న వల్ల. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోయినవాణ్ణి ఎక్కడెక్కడో తిరిగి వచ్చాను. ఆ తిరుగుడే ఈ వ్యాసం. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను, బరంపురంలో బి.కాం. చదివిన గుమాస్తాకోవ వాణ్ణి. పండితులు ఆ దృష్టితోనే చదవాలని మనవి.

ముందు చారల సంగతి. మీ దగ్గర పాత అయిదు రూపాయల బిళ్ళ, ఆ మందపాటి తెల్లది ఉంటే చేతిలోకి తీసుకోండి. దాని అంచు మీద బొటనవేలి గోరు గీస్తే గరగరమంటుంది. నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, సన్నటి గట్లు. ఇంగ్లీషులో దీన్ని రీడింగ్ అంటారు. చదువుకునే రీడింగ్ కాదు, రీడ్ అంటే రెల్లు. రెల్లుకాడలు పక్కపక్కన పేర్చి కట్టినట్టు కనబడుతుంది కనుక ఆ పేరు. ఈ మాట నాణానిది కాదు, ముందు రాతిపనిది. స్తంభం మీదగాని గోడ పట్టీ మీదగాని గట్లు పైకి ఉబ్బి ఉంటే రీడింగ్, లోపలికి తొలిచి ఉంటే ఫ్లూటింగ్. గ్రీకు గుళ్ళ స్తంభాలకు ఉండేది రెండోది. వారి డోరిక్ స్తంభానికి మామూలుగా ఇరవై గాళ్ళు. పైకి ఉబ్బిన దానికి చాలా పాత ఉదాహరణ ఈజిప్టులో సఖారా దగ్గర ఉంది. సుమారు నాలుగువేల ఆరువందల ఏళ్ళ క్రితం జోసర్ అనే రాజు మెట్ల పిరమిడ్ కట్టించాడు. దాని ప్రవేశమంటపంలోని రాతిస్తంభాలు అచ్చం రెల్లుకాడల మోపుల్లా ఉంటాయి. అంతకుముందు వారి కట్టడాలు రెల్లుతోను, కర్రతోను, మట్టితోను ఉండేవి. రాయి చేతికొచ్చినా కళ్ళకు పాత మోపే కావలసి వచ్చింది. మన ఇళ్ళలో సిమెంటు కప్పు వేసి కింద దూలం గీతలు గీయించుకునేవారు లేరూ, అలాగన్నమాట.

అంత దూరం ఎందుకు, ఒరిస్సాలో పుట్టిపెరిగినవాళ్ళం, మాకు చారలరాయి కొత్త కాదు. భువనేశ్వరంలో లింగరాజ దేవాలయం చూసినవారికి శిఖరం మీద, కలశానికి కింద, పెద్ద బండిచక్రం పడుకోబెట్టినట్టు ఒక రాయి గుర్తుంటుంది. చుట్టూరా ఉబ్బుచారలు. దాన్ని ఆమలకం అంటారు. ఆమలకం అంటే ఉసిరికాయ. మా నాన్నగారు నన్ను, మా తమ్ముణ్ణి అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మెడ వెనక్కి వంచి చూపించి, "అదిగో, దేవుడి నెత్తిన ఉసిరికాయ" అన్నారు. ఉసిరికాయకు ఆరే చారలుంటాయి, దానికి లెక్కపెట్టలేనన్ని. ఆ తేడా నాకు ఆ రోజే తోచింది. అడిగితే మొట్టికాయ పడుతుందని ఊరుకున్నాను.

ఆ చారలు అక్కడ ఏం చేస్తున్నాయో నాకు నలభై ఏళ్ళు దాటాక అర్థమయింది. లింగరాజ ఆలయం పదకొండో శతాబ్దపుది, సుమారు నూట ఎనభై అడుగుల ఎత్తు. అంత ఎత్తున నున్నటి రాయి పెడితే కింద ఉన్నవాడికి ఒక ముద్దలా తప్ప కనబడదు. చారలు తీర్చితే ప్రతి గట్టుకూ ఒక వెలుగు, ప్రతి సందుకూ ఒక నీడ. పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు. ఆ రాయికి గుండ్రదనం ఆ నీడల వల్లే కళ్ళకు తెలుస్తుంది. శిఖరం మూలల్లో కూడా చిన్న చిన్న ఆమలకాలు అంతస్తుకొకటి చొప్పున పేర్చి ఉంటాయి. అవి భూములకు, అంటే అంతస్తులకు, గుర్తు. ఈ పద్ధతి మన తెలుగునేల మీదా ఉంది. శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో ఉంది, తుంగభద్ర ఒడ్డున అలంపురం బాదామి చాళుక్యుల గుళ్ళలో ఉంది. తమిళనాట ఉన్న పాఠకులు పాత చోళుల గుళ్ళ పీఠాలు చూడండి. కుముదం అనే గుండ్రటి వరసకు కొన్నిచోట్ల ఇలాగే చారలు తీర్చి ఉంటాయి. కర్ణాటకలో హొయసల స్తంభాలకు చారలు అడ్డంగా, కడియాలు తొడిగినట్టు ఉంటాయి. అవి రాతిని తిప్పుతూ తరిణె పట్టినవి.

రాతి మీద చార అందం కోసం. అక్కడ ఎవడూ గట్టు గీకి ఎత్తుకుపోడు. నాణెం మీద చార దొంగ కోసం వచ్చింది.

నాణాన్ని సుత్తితో కొట్టిన రోజుల్లో అది ఎప్పుడూ పూర్ణచంద్రుడిలా ఉండేది కాదు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వెండిబిళ్ళ, ఒక దెబ్బ. బొమ్మ ఒక పక్కకు జరుగుతుంది, అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అలాంటి నాణెం అంచు నుంచి కత్తెరతో సన్నటి పేలిక కత్తిరిస్తే ఎవరికీ తెలియదు. పది నాణాల నుంచి కత్తిరిస్తే ఒక నాణెం వెండి వస్తుంది, మిగిలిన పదీ పది కిందే చెల్లుతాయి. ఇంగ్లండులో ఇది రాజద్రోహం, శిక్ష మరణం. అయినా మానలేదు. 1690ల నాటికి అక్కడ చేతులు మారే పాత వెండి నాణాలు తూకంలో ఇంచుమించు సగానికి దిగిపోయాయి.

దీనికి మందు అప్పటికే దొరికింది. యంత్రంతో, మరతో అదిమి కొట్టిన నాణెం గుండ్రంగా వస్తుంది. ఆ మరను లండను టంకశాలకు 1561లో ఎలోయ్ మెస్ట్రెల్ అనే ఫ్రెంచివాడు తెచ్చాడు. పాత సుత్తిపనివాళ్ళు అతన్ని నిలవనీయలేదు. చివరకు దొంగనాణాలు చేశాడన్న నేరం మీద 1578లో అతన్నే ఉరితీశారు. నాణెం దొంగల పాలు కాకుండా చేసే యంత్రం తెచ్చినవాడు దొంగనాణాల నేరానికి పోవడం చూస్తే, టంకశాల గోడల లోపల ఎంత నిప్పు ఉంటుందో తెలుస్తుంది. తరువాత పీటర్ బ్లాండో అనే ఇంకో ఫ్రెంచివాడు వచ్చాడు. అతని దగ్గర నాణెం అంచు మీద గుర్తు వేసే రహస్య పద్ధతి ఉంది. 1662 నుంచి ఇంగ్లండులో మరనాణెం స్థిరపడింది. పెద్ద నాణాల అంచు మీద లాటిను అక్షరాలు వేశారు. వాటి భావం: ఇది అలంకారమూ, కాపలా కూడా. అక్షరాలు పట్టని చిన్న నాణాలకు చారలు వేశారు. రాతి మీద అందంగా ఉన్నది నాణెం మీద కావలివాడయింది. చారలున్న అంచును కత్తిరిస్తే ఆ చోట నున్నగా తెలిసిపోతుంది. అంతే కిటుకు.

ఈ చారలు కనిపెట్టింది న్యూటన్ అని క్విజ్ పుస్తకాల్లో రాస్తుంటారు. మా బ్యాంకు ఉద్యోగుల క్విజ్‌లో కూడా ఒకసారి అదే జవాబుకు మార్కులిచ్చారు. 1662లో న్యూటన్ ఇంకా కేంబ్రిడ్జిలో కుర్ర విద్యార్థి. అతను టంకశాలకు వచ్చింది 1696లో, వార్డెన్‌గా. అతను చేసింది వేరే పని. అరిగిన, కత్తిరించిన పాత నాణాలన్నిటినీ వెనక్కి రప్పించి కరిగించి చారల నాణాలుగా మార్చే మహాయజ్ఞాన్ని నడిపించాడు. దొంగనాణాల వాళ్ళను వెంటబడి పట్టించాడు. విలియం చలోనర్ అనే పేరుమోసిన దొంగను 1699లో ఉరికంబం దాకా తీసుకువెళ్ళాడు. ఆపిలు పండు కంటే ఈ కథలోనే నాకు న్యూటన్ దగ్గరివాడుగా కనిపిస్తాడు. ఎంత పెద్ద బుర్రయినా ఉద్యోగంలో చేరాక తూకాలు, లెక్కలు, సాక్షుల వాంగ్మూలాలు తప్పవు.

మన దేశంలో ఈ బాధ లేదా అంటే ఉంది. దానికి మనవాళ్ళు కనుక్కున్న మందు వేరు. ఇక్కడ కాపలా నాణెం అంచున లేదు, షరాబు కంటిలో ఉంది. మొగలుల రూపాయి చూడండి. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది, అక్షరాల్లో సగమే పడతాయి. అంచుకు ఏ గుర్తూ ఉండదు. దాన్ని తీసుకునేటప్పుడు షరాబు తూస్తాడు, మోగిస్తాడు, ఏ ఊరి టంకశాలదో, ఏ ఏటిదో చూస్తాడు, దానికి తగ్గ బట్టా కోస్తాడు. పాతబడ్డ కొద్దీ బట్టా. ఊరు దాటితే బట్టా. రైతు చేతిలో రూపాయి ఎప్పుడూ నిండు రూపాయి కాదు. బట్టా అనే మాట ఈ రోజుకీ మా శాఖలో వినబడుతుంది, ఇప్పుడది ప్రయాణపు భత్యం. ఒకప్పుడు జనం నెత్తిన కత్తి.

ఈస్టిండియా కంపెనీవారు కలకత్తాలో మర నాణెం మొదలుపెట్టినప్పుడు ఒక చిత్రమైన పని చేశారు. రూపాయి మీద షా ఆలం పాదుషా పేరూ, ఆయన పంతొమ్మిదో పాలనా సంవత్సరమూ వేశారు. ఆ సంవత్సరాన్ని అలాగే ఏళ్ళ తరబడి కదలకుండా ఉంచేశారు. ఏడు మారకపోతే ఏటేటా బట్టా కోయడానికి షరాబుకు సాకు ఉండదు. అంచుకు చారలు వేశారు, కత్తిరించడానికి కుదరదు. మొదట్లో చారలు ఏటవాలుగా ఉండేవి, తరువాత నిటారుగా వేశారు. ముఖం మీద సంవత్సరం మారదు కనుక, ఇప్పటి నాణాల సేకర్తలు ఆ రూపాయి ఏ కాలందో చెప్పాలంటే అంచు తిప్పి చూస్తారు. ముఖం దాచినది అంచు చెబుతుంది. ఈ వాక్యం దగ్గర నేను కొంచెంసేపు ఆగిపోయాను. కారణం పాఠకులకు ముందు తెలుస్తుంది.

దాదాపు ఆ రోజుల్లోనే మన కోస్తాకు ఒక రాగినాణెం వచ్చింది. ఇది మా గంజాం వాళ్ళం చెప్పుకోవలసిన సంగతి. ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో నిజాం నుంచి కంపెనీవారికి వచ్చాయి, ఒక్క గుంటూరు మాత్రం 1788 దాకా ఆగింది. చికాకోల్ సర్కారులో మా గంజాం కూడా ఉంది. ఈ సర్కారుల కోసమే ప్రత్యేకంగా 1794లోనూ 1797లోనూ తేదీలు వేసి రాగినాణాలు చేయించారు. ఎక్కడనుకున్నారు? ఇంగ్లండులో, బర్మింగ్‌హాము పక్కన, మాథ్యూ బౌల్టన్ గారి సోహో కార్ఖానాలో. ఆవిరియంత్రంతో నాణాలు కొట్టిన మొదటి చోటు అది. వాటి మీద రూపాయికి నలభై ఎనిమిది అని ఒకదానికీ, రూపాయికి తొంభై ఆరు అని ఇంకోదానికీ ఇంగ్లీషులో రాసి ఉంటుంది. నలభై ఎనిమిది బిళ్ళ అంచు మీద చారలకు బదులు అక్షరాలున్నాయి. ఇంగ్లీష్ యునైటెడ్ ఈస్టిండియా కంపెనీ అని గుండ్రంగా చుట్టూరా చెక్కి ఉంటుంది. రాగి అంచు ఎవడు కత్తిరిస్తాడు? కత్తిరించినా ఏం మిగులుతుంది? అది దొంగకోసం వేసింది కాదు, దర్జా కోసం వేసింది. శ్రీకాకుళం సంతలో ఉప్పు కొనే మనిషికి ఆ అంచు మీది అక్షరాలు ఒక్కటీ రావు. అయినా ఆ కంపెనీ పేరు వాడి వేళ్ళ మధ్య రోజూ తిరిగింది.

1835లో అన్ని రాజధానులకూ ఒకే రూపాయి వచ్చింది. నూట ఎనభై గ్రెయిన్ల తూకం, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు, అందులో వెండి 10.69. అంచుకు నిటారు చారలు. విక్టోరియా వచ్చినా, ఎడ్వర్డు వచ్చినా, అయిదో జార్జి వచ్చినా తూకమూ మారలేదు, వెండీ మారలేదు. నూరేళ్ళకు పైగా. మా నానమ్మ తరం వాళ్ళకు రూపాయి అంటే తూకపు రాయి కూడా. తులం బంగారానికి రూపాయి బరువు అన్నది వాళ్ళ నోటి లెక్క.

ఈ చారలు ఎలా పడతాయో కూడా చెప్పాలి. చాలామంది నాణెం కొట్టాక ఆకురాయితో చారలు తీస్తారనుకుంటారు. పాతరోజుల్లో కొట్టకముందే బిళ్ళను రెండు ఉక్కుపట్టీల మధ్య దొర్లించి అంచు గుర్తు వేసేవారు. తరువాత ఉంగరంలాంటి ఉక్కుకట్టు వచ్చింది. కట్టు లోపలివైపు నిలువు గాళ్ళుంటాయి. బిళ్ళను అందులో కూర్చోబెట్టి పైనుంచి కిందనుంచి అచ్చులు ఒక్కసారి అదుముతాయి. లోహం నలుదిక్కులా పాకి ఆ గాళ్ళలోకి దూరుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఒకే దెబ్బకు. సోహోలో పనిచేసింది ఈ తరహానే. ఇక మట్టి అచ్చులో లోహం పోసి దొంగనాణెం చేసేవాడికి ముఖాలు బాగానే వస్తాయి. అచ్చు రెండు సగాలూ కలిసే చోటు అంచే కదా, అక్కడే అతుకు పడుతుంది. ఆ అతుకు గీకి చారలు మళ్ళీ చేతితో దిద్దాలి. దొరికిపోయేది అక్కడే.

ఇప్పుడు 1940కి వస్తాను. యుద్ధం మొదలైంది. కాగితం మీద నమ్మకం తగ్గి జనం వెండిరూపాయలు దాచుకున్నారు. ప్రభుత్వానికి వెండి చాలలేదు. రూపాయినోటు మళ్ళీ వచ్చింది. వెండిరూపాయి తూకం అదే, సైజు అదే, ముఖం మీద ఆరో జార్జి అదే కానీ, లోపల వెండి సగమే. నూటికి యాభై వెండి, నలభై రాగి, అయిదు నికెలు, అయిదు తుత్తునాగం. 10.69 గ్రాముల వెండి ఉండే చోట 5.83 గ్రాములు. దానితోపాటు అంచు మారింది. చారలు అలాగే ఉంచి, వాటి మధ్యగా నాణెం చుట్టూ ఒక సన్నటి గాడి తీశారు. దీనికి సెక్యూరిటీ ఎడ్జ్ అని పేరు, రక్షణ అంచు. దొంగనాణాల వాళ్ళు ఈ గాడిని అనుకరించలేరని. 1941 నుంచి పాత నిండువెండి రూపాయలను విక్టోరియావి మొదలుకొని ఒక్కొక్క రాజువీ చెలామణీ నుంచి తప్పించారు. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, ఇవ్వనివాళ్ళు గుడ్డలో కట్టి గాదె అడుగున పెట్టారు. చెడ్డ డబ్బు మంచి డబ్బును బజారు నుంచి తరిమేస్తుందని బి.కాం.లో గ్రెషాం సూత్రం బట్టీపట్టి రాశాను, మార్కులు కూడా వచ్చాయి. మా ఇంట్లోనే ఆ సూత్రం రెండు మూటలుగా ఉందని నాకు తెలియదు.

మా నానమ్మ 1995లో పోయింది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు బరంపురం మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ ఒకటిన ఒరిస్సా అయింది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు. ఆమె పెట్టెలో రెండు మూటలు దొరికాయి. ఒకటి పసుపుగుడ్డ మూట, ఇరవై ఆరు రూపాయలు. ఇంకోటి తువ్వాలుముక్క మూట, ఇరవై రెండు. నాన్నకు, శ్రీకాకుళంలో ఉన్న మేనత్తకు సమంగా పంచాలి. అప్పటికి నేను బ్యాంకులో చేరి మూడేళ్ళయింది. డబ్బు పంపకం నా పనే అన్నారు. పసుపుగుడ్డ మూటలోంచి రెండు తీసి తువ్వాలు మూటలో వేశాను. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. అది చాలదని, వీధి చివరి కంసాలి దగ్గర రెండు మూటలూ త్రాసులో పెట్టించాను. ముల్లు నడిమధ్య నిలబడింది. రాజుల తలలు వేరని చూశాను. రాజులు వేరైనా రూపాయి ఒకటే అనుకున్నాను. పసుపుగుడ్డ మూట నాన్న దగ్గరుంది, తువ్వాలు మూట అత్త శ్రీకాకుళం పట్టుకెళ్ళింది.

2009లో అత్త మనవరాలి పెళ్ళి కుదిరింది. అప్పటికి నాన్నగారు లేరు. ఆ రూపాయలు కరిగించి పిల్లకు వెండికంచం చేయిద్దామని అత్త కంసాలి దగ్గరకు పట్టుకెళ్ళింది. అతను గుమ్మరించి, ఒక్కొక్కటీ అంచు మీద నిలబెట్టి చూసి, రెండు పక్కకు పెట్టి, మిగతా ఇరవై రెండూ ఆమె వైపు తోశాడట. "అమ్మా, ఈ రెండే వెండి. ఇవి యుద్ధం రూపాయలు, సగం మట్టి" అన్నాడట. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. తిట్టలేదు. "ఏటల్లుడూ, నువ్వే కదా పంచినావు. మీ నాన్న తెలిసే ఇచ్చినాడా ఇవి నాకు?" అంది.

ఇదీ ప్రశ్న.

తెలియదత్తా, నాకూ తెలియదు, అన్నాను. బ్యాంకోడివి నీకు తెలీదా, అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. కంసాలి ఒక్క చూపులో పట్టినది నేను పదిహేడేళ్ళు నాణాల సంచులు ఎత్తిదించీ చూడలేదు. మాకు నేర్పింది లెక్కపెట్టడం, తూచడం, సంచికి సీలు వేయడం. లెక్కా సరిపోయింది, తూకమూ సరిపోయింది. వెండి సరిపోలేదు. ఇంటికి వచ్చి కాగితం మీద వేశాను. మావైపు ఇరవై నాలుగూ నిండువి, 256 గ్రాముల పైచిలుకు వెండి. అత్తవైపు రెండు నిండువి, ఇరవై రెండు సగానివి. 150 గ్రాములకు కొంచెం తక్కువ. నూరు గ్రాముల పైన తేడా. డబ్బుగా చూస్తే చాలా పెద్దది కాదు. కాని పద్నాలుగేళ్ళుగా లేని అనుమానం ఒక పూటలో మా నాన్న మీదికి వచ్చి కూర్చుంది. చనిపోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పలేడు.

మా మూటను నాన్న పోయాక నేనూ తమ్ముడూ పన్నెండేసి పంచుకున్నాం. ఫోను చేసి వాడికి చెబితే, "పద్నాలుగేళ్ళ తరవాత పంపకం తిరగదోడతావా? నావి ఎప్పుడో కరిగించి పట్టీలు చేయించేశాను" అన్నాడు. వాడి తప్పు కాదు. మళ్ళీ లెక్క వేశాను. మొత్తం నిండువి ఇరవై ఆరు, గాడివి ఇరవై రెండు. సమంగా పంచితే ఒక్కొక్కరికి పదమూడు నిండువి, పదకొండు గాడివి. అత్త దగ్గర నిండువి రెండున్నాయి. ఇంకా పదకొండు కావాలి. నా దగ్గర పన్నెండున్నాయి.

మళ్ళీ వారం పదకొండు రూపాయలు జేబురుమాలులో కట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కాను. అత్తకు అప్పటికే ఒక కంట శుక్లాలు, ఆపరేషను కాలేదు. రాజుల తలలు ఆమెకు కనబడవు. రూపాయి వేళ్ళ మధ్య పట్టుకుని అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పమన్నాను. గాడి ఉంటే గోరు దారిలో పడి జారుకుంటూ పోతుంది. లేకపోతే గట్ల మీద గరగరమంటూ ఎగురుతుంది. నాలుగైదు చూసేసరికి ఆమెకు పట్టుబడిపోయింది. నా పదకొండులో 1938 నాటిది ఒకటుంది. ముఖం ఆరో జార్జిదే, అచ్చం ఆమె దగ్గరున్న వాటిలాగే. ఆమె గోరు గరగరమంది, నిండుదాంట్లో వేసింది. నేను కళ్ళతో చూస్తే పొరపడేవాణ్ణి.

వేరుచేస్తూ ఒక సంగతి చెప్పింది. పసుపుగుడ్డ మూట నానమ్మకు పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చినది. తువ్వాలు మూట యుద్ధంలో తాతయ్య గుడ్డల వ్యాపారంలో సంపాదించినది. "పుట్టింటి సొమ్ము కూతురికి, అత్తింటి సొమ్ము కొడుక్కు అనేది మా అమ్మ. మీకెవరికీ చెప్పలేదా?" అంది. ఎవరికీ చెప్పలేదు. నానమ్మ మాట ప్రకారం అయితే పసుపుగుడ్డ మూట మొత్తం అత్తదే. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు. మీ నాన్నకు తెలుసా అన్న ప్రశ్న కూడా మళ్ళీ ఎత్తలేదు.

వెండి గాడి అంచు తరువాత ఏమయిందో రెండు మాటల్లో. 1947లో రూపాయిలో వెండి అసలే పోయింది, నికెలు రూపాయి వచ్చింది, వెనకవైపు పులి. గాడి మాత్రం ఉంది. కాపాడవలసిన వెండి పోయినా కాపలావాడు ఉద్యోగంలోనే ఉన్నాడు. 1992లో వచ్చిన మందపాటి అయిదు రూపాయల బిళ్ళకూ అదే అంచు. ఆ బిళ్ళలో లోహం ధర ఎక్కువై, సరిహద్దు దాటించి బ్లేడ్లు చేస్తున్నారని ఒక దశలో వార్తలు వచ్చాయి. కత్తెర దొంగ కొలిమి దొంగ అయ్యాడు, అతనికి అంచుతో పనిలేదు. 2023లో కొత్త పార్లమెంటు భవనం పేర విడుదల చేసిన డెబ్భయి అయిదు రూపాయల స్మారక నాణెం వివరాలు చదివితే నాకు నవ్వొచ్చింది. యాభై వెండి, నలభై రాగి, అయిదు నికెలు, అయిదు తుత్తునాగం. అత్త తువ్వాలు మూట లోహమే. అంచుకు రెండు వందల సెరేషన్లు అని ప్రకటనలో అంకెతో సహా రాశారు.

ఇప్పుడు అంచు అవసరం దొంగను పట్టడానికి కంటే చూపులేనివారికి ఎక్కువ. 2007 తరువాత వచ్చిన చేతివేళ్ళ బొమ్మల రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు రెండూ గుండ్రనివే, నున్ననివే. వాటితో మా కౌంటరు దగ్గర కళ్ళులేని ఖాతాదారు ఒకాయన పడిన తిప్పలు నేను చూశాను. పాత రెండు రూపాయలకు పదకొండు పక్కలుండేవి, వేలితో తెలిసేది. 2019లో విడుదలైన వరుసలో ఈ విషయం దృష్టిలో పెట్టుకున్నారు. ఇరవై రూపాయల బిళ్ళకు పన్నెండు పక్కలు పెట్టారు, చారలు లేవు. నాణాల మేళా పెట్టినప్పుడల్లా కొత్తగా చేరిన పిల్లలకు కళ్ళు మూయించి నాణాలు వేరుచేయిస్తాను. నవ్వుతారు. రెండో రోజుకు నవ్వు పోతుంది.

అత్త మనవరాలి కంచానికి పదమూడు నిండు రూపాయలూ కరిగించారు. గాడివి పదకొండు అత్త తన పెట్టెలోనే ఉంచుకుంది. నా దగ్గర పన్నెండున్నాయి. పదకొండింటికి గాడి ఉంది. ఒకదానికి లేదు.